ఉప్పు తిన్న ఇనుము

మల్కాపురంలో మా కిటికీ ఊచలు
పదకొండేళ్ళలో రెండుసార్లు మార్చాం.
ఫ్యాను రెక్కలు, గ్యాసుపొయ్యి కాళ్ళు, తలుపు గొళ్ళెం,
ఆఖరికి అమ్మవారి పటం వెనక మేకు కూడా.
ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉంటుందంటారు.
ఉప్పు తిన్న ఇనుముకి ఉండదు.

తేలిగ్గా అంటున్న మాట కాదు.
షిప్‌యార్డులో పెయింటు ఇన్‌స్పెక్టర్‌ని.
ఓడ పొట్ట కింద వెల్లకిలా పడుకుని
పూత మందం మైక్రాన్లలో కొలిచి
"ఇక్కడ గీకండి, మళ్ళీ వెయ్యండి" అని
సుద్దముక్కతో సున్నా చుట్టే చెయ్యి నాది.

అలాంటిదాన్ని,
పాడుకున్న చీటీ డబ్బు సంచిలో పెట్టుకుని
క్లబ్బులో లోవరాజు బల్ల ముందు నిలబడి
ఒక్క పాయింట్ టూటూ రైఫిలు కోసం
మూడు శనివారాలుగా తేల్చుకోలేకపోతున్నాను.

బల్ల మీద రెండు గొట్టాలు.
ఒకటి స్టెయిన్‌లెస్సు.
చదివింపుల్లో వచ్చిన బిందెలా తెల్లగా,
ఏ చెయ్యీ గుర్తుంచుకోనట్టు.
రెండోది నీలిపూతది.
నీలి అనడమే గానీ, వాన కడిగిన నేరేడుపండు నలుపు.
వెలుతురు వైపు తిప్పితే
లోపలెక్కడో నీలం కదిలి మళ్ళీ మునిగిపోతుంది
చేప ఒత్తిగిలినట్టు.

"అదీ తుప్పేనమ్మా" అన్నాడు లోవరాజు.
"ఎర్ర తుప్పు తినేస్తాది, నల్ల తుప్పు కాస్తాది.
మందునీళ్ళలో ఉడకబెట్టి
దొంగనే తెచ్చి కాపలా ఎట్టినట్టు.
కానైతే దొంగ దొంగే. ఒక్క దినం తుడవకు, సూడు."

సొరుగులోంచి పాత గొట్టం ముక్క తీశాడు.
దాని మీద బొటనవేలి ముద్ర, సుడులతో సహా, ఎర్రగా.
ఎవరో కేడెట్టు, గెలిచిన సంబరంలో
చెమట చేత్తో పట్టుకుని అలాగే పెట్టెలో పెట్టేశాడట.
ఆ వేలు ఏ ఊళ్ళో ఉందో ఇప్పుడు.

చెక్క సంగతి ఇంకా కష్టం.
అక్రోటు కర్రకి బుగ్గ ఆనించగానే నాకు మాట రాలేదు.
ఆటు తీసిన ఇసక మీద చారల్లాంటి పోగులు,
అవిసెనూనె వాసన.
కానీ ఆగస్టులో ఈ ఊరి గాలి పిండితే నీళ్ళొస్తాయి.
కర్ర ఉబ్బి గొట్టాన్ని ఓ పక్కకి నొక్కుతుంది.
మేలో పది కొట్టిన గురికి
సెప్టెంబరులో ఎనిమిది.

నల్ల ప్లాస్టిక్కుది ఉబ్బదు, చీలదు, అలగదు.
వేలితో తడితే నీళ్ళగదిలో బకెట్టు పలికినట్టు పలికింది.
"ఇదే తీసేసుకో, ఏ బాదరబందీ ఉండదు"
అంది నాతో వచ్చిన వరహాలు.
దానికి ఆకలేస్తోంది.

మూడోది పొరల చెక్క.
పల్చటి పలకలు పేర్చి, జిగురు పోసి, అదిమి,
వంపు కోసినచోట పొరలన్నీ బయటపడి
అచ్చం మడతకాజా.
ఒక పొర అలిగి వంగుదామంటే పక్కది ఒప్పుకోదు.
ఉమ్మడి కాపురం.
అందం అడక్కండి.
బరువు మాత్రం తగినంత ఉంది.

హుద్‌హుద్ నాడు
ఆయుధాల గదిలో మోకాలిలోతు నీళ్ళట.
తుపాకీ నూనె అయిపోతే
వాళ్ళావిడ కొబ్బరినూనె సీసా తెచ్చి ఇచ్చిందట.
కొవ్వొత్తి పెట్టుకుని రాత్రంతా
పంతొమ్మిది రైఫిళ్ళు తుడిచాడు లోవరాజు.
"పదిహేడు బతికినాయి.
పోయిన రెండూ ఏవని అడగవేటి?"
అడిగాను.
"స్టెయిన్‌లెస్సువి.
వాటికేటవుద్దిలే అని ఆఖర్న ముట్టుకున్నాను."

నీలి గొట్టం, మడతకాజా చెక్క. రాయించేశాను.
వరహాలు నా మొహం చూసి
"ఇంతోటిదానికి మూడు వారాలా" అంది.

ఇప్పుడు షిఫ్టు దిగి వచ్చాక
కాళ్ళైనా కడుక్కోకుండా పెట్టె తెరుస్తాను.
పాత నేతచీర ముక్క, రెండు చుక్కల నూనె.
ఓడలకి నాలుగు పూతలు వేయించి
ఐదేళ్ళదాకా ముట్టుకోనక్కర్లేదని సంతకం పెట్టేదాన్ని,
దీనికి ఏ సంతకమూ పెట్టలేదు.

మొదటి ఆదివారం పది గుళ్ళు.
తొమ్మిది నల్లటి వృత్తంలో.
పదోది కిందకి, ఎడమకి, ఒంటరిగా, తెల్లకాగితం మీద.
గాలి లేదు. చెక్క ఉబ్బలేదు.
లోవరాజు కాగితం చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అనకుండా
గుడ్డ అందించాడు.