ఏడు నిమిషాలు

మైనస్ ముప్పై నాలుగు.
తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు,
ఆ పైన సస్కాచెవాన్ పొలాల నిశ్శబ్దం.

బానెట్ ఎత్తాను.
ప్లస్ కొన మీద పచ్చగా, తెల్లగా బూజు.
వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే
బుసబుసా పొంగి, బంపరు దాకా జారి
అక్కడే గడ్డకట్టింది.

విప్పేటప్పుడు నలుపు ముందు, బిగించేటప్పుడు నలుపు చివర:
కొట్లో ఓరెస్ట్ రెండుసార్లు చెప్పాడు,
సరుకుల చీటీ వెనక రాసుకున్నాను.
పెళ్లి ఉంగరం తీసి జేబులో వేశాను.
గ్లౌజుంటే నట్టు దొరకదు,
లేకుంటే వేళ్లు దొరకవు.
పదో నంబరు స్పానరు ఇంజను అడుక్కి జారిపడి
పాస్టరు వినకూడని మాటలు నాచేత అనిపించింది.

పాతది లేగదూడంత బరువు.
పొట్టకానించి దించి మంచులో పెట్టాను.
తిరిగిచ్చేస్తే పద్దెనిమిది డాలర్లట.

కొత్తది కూర్చుంది. ఎరుపు. తర్వాత నలుపు.
ఇంజను ఒకసారి దగ్గి, అందుకుంది.

గడియారం మాత్రం పన్నెండు దగ్గర
కన్ను కొడుతోంది.
ఎల్డన్ కోవల్‌చుక్ దగ్గర ఈ ట్రక్కు కొన్న రోజు నుంచీ
అది ఏడు నిమిషాలు ముందుండేది.
నాలుగేళ్లు ఆ ఏడూ తీసేసుకుంటూ బతికాను,
స్కూలు బస్సుకీ, పళ్ల డాక్టరుకీ, చివరికి చర్చికీ.

ఫోన్ చేసి అడిగాను, ఎందుకలా పెట్టావని.
అవతల కాఫీ జుర్రిన చప్పుడు.
"నాది సరిగ్గానే ఉండేది, మార్లిస్.
ఊరే వెనకబడింది."

మళ్లీ వెళ్లి ట్రక్కులో కూర్చున్నాను.
సరైన టైము పెట్టి, మరో ఏడుసార్లు మీట నొక్కాననుకున్నాను.
ఎనిమిదైంది.
వేళ్లకి ఇంకా స్పర్శ రాలేదు.