పోటు వేళ, కొత్త గదిలో

వలలు కుక్కిన గదిని ఖాళీ చేయడానికి
మూడు ఆదివారాలు పట్టింది.
రెండు తెడ్లు, తుప్పు లంగరు,
మూతలు దొరకని పదకొండు సీసాలు.
"పనికొస్తుంది" అని రోసమెల్ దాచిన ప్రతిదీ
పనికి రాకుండానే బయటికొచ్చింది.

కాస్త్రోలో మా ఇల్లు సగం నేల మీద,
సగం నీటి మీద.
వీధిలోంచి చూస్తే మర్యాదస్తురాలు,
సముద్రంలోంచి చూస్తే
గౌను మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని
నీళ్లలో నిలబడ్డ ముసలమ్మ.
ఆ నీళ్ల మీది గదే అతిథికి.

తిథి చెప్పి మరీ వస్తున్న అతిథి.
పుంతా అరేనాస్ నుంచి మా ఆడబిడ్డ జునీల్దా,
పదిహేడో తారీకు, సాయంత్రం బస్సుకి.
ఆమె మోకాలికి ఎత్తు మంచం కావాలి.
వంటింటి కుర్చీలో కూర్చుని లేచి, కూర్చుని లేచి
కొలత తీశాను.
ఆ కొలతకే రోసమెల్ మంచం కోళ్లు కోశాడు.
నాలుగోది అర అంగుళం పొట్టి.
ఏమీ అనకుండా అట్టముక్క మడిచి కింద పెట్టాను.

పెట్టె నేల మీదుంటే ఆమె వంగాలి కదా,
అందుకని దానికో పొట్టి బల్ల.
"పెట్టెకి కుర్చీ వేస్తున్నావా?" అన్నాడు.
గొర్రె ఉన్ని దుప్పట్లు మూడు.
కిటికీ తెరలు నాలుగుసార్లు మార్చి
మొదటివే మళ్లీ కట్టాను.

పదహారో తారీకు రాత్రి
నా దిండు చంకన పెట్టుకుని
"ఇవాళ నేను చుట్టాన్ని" అన్నాను.
అతను గుమ్మం దాకా సాగనంపి
"భోజనం బాగుందా అమ్మగారూ?" అని అడిగి వెళ్లాడు.

ఇరవై ఎనిమిదేళ్ల నా ఇల్లు
దీపం ఆర్పగానే పరాయిదైంది.
స్విచ్చి తలుపు పక్కన.
మంచం దాకా చీకట్లో నాలుగడుగులు,
మూడో అడుగులో
పెట్టెకి వేసిన కుర్చీ నా పిక్క మీద కొట్టింది.
మంచినీళ్ల గ్లాసుకు చోటు లేదు.
కళ్లజోడు నేల మీద పడుకుంది.
పగలంతా మూగదైన గడియారం
రాత్రికి వడ్రంగిపిట్టయింది.
తీసి తువ్వాళ్ల కింద పాతిపెట్టాను.

రెండింటికి సముద్రం వచ్చింది.
మా గదిలో అది ఎవరో దూరంగా చెప్పుకునే ముచ్చట.
ఇక్కడ నా నడుం కిందే,
పలకల సందుల్లోంచి చల్లటి ఊపిరి.
అప్పులవాడు సామాను లెక్కపెట్టుకున్నట్టు
ఒక్కో స్తంభాన్నీ తట్టి చూస్తోంది.
ఇల్లు మూలిగింది.
జునీల్దా మోకాలి పోటే లెక్కేసుకున్నాను,
ఈ పోటు మరిచాను.
గట్టినేల మీద నిద్రపోయే మనిషి,
ఇల్లు బయల్దేరిందనుకోదూ?

అప్పుడు గోడ.
గోడలకు చెవులుంటాయంటారు,
ఈ గోడకు నోరుంది.
అవతల రోసమెల్, నిద్రపట్టక, కుక్కతో.
"చెయ్యి వణకడం అక్క కనిపెట్టేస్తుంది తిస్నే.
ఎడం చేత్తో తింటాలే.
ఎడమ దానికింకా తెలీదు."

రంపం పట్టిన చెయ్యి.
అర అంగుళం.
నేను పనివంకర అనుకున్నాను.

చుట్టం వినకూడనిది వింటే
ఏం చేస్తుంది? దగ్గుతుంది.
దగ్గాను.
అటువైపు మాట ఆగింది.
కాసేపటికి తలుపు మీద వేళ్లు,
"చలేస్తోందా అమ్మగారూ, ఇంకో దుప్పటి కావాలా?"
నా మీద మూడున్నాయి.
"కావాలి" అన్నాను.
తెచ్చి కప్పాడు,
ఎడం చేత్తో, అలవాటు చేసుకుంటున్నట్టు.

పొద్దున్నే దీపాన్ని మంచం పక్కకి మార్చాను,
బల్లని మూలకి.
తలగడ మీద ఒక చీటీ:
*ఈ రాత్రి పోటు మూడింటికి.
కంగారు పడకు. ఇల్లు ఎక్కడికీ పోదు.*

అట్టముక్కని అలాగే ఉంచాను.

సాయంత్రం, బస్సు రాకముందు,
బల్ల మీద సూపు గిన్నెలు సర్దుతూ
చెంచాలన్నీ,
అందరివీ,
ఎడమ వైపు పెట్టాను.