నలభై మూడో పిల్లరు

ఫ్లైఓవరు కింద నా వంతుకొచ్చింది ఒక్క పిల్లరు.
పైన నెమలి, నడుమ తామర,
అంతా కాగితం మీద ముందే గీసి ఇచ్చారు.
అడుగున మూరెడు జాగా మాత్రం
బురద చిమ్ముతుందని వదిలేశారు.
"ఏదో ఒక డిజైను కొట్టు మే" అన్నాడు మేస్త్రీ మునిరత్నం.

మూరెడు.
సరిగ్గా జేజి మోచేతి నుంచి మణికట్టు దాకా.

జేజి పచ్చబొట్లు పొడిచేది.
మూడు సూదులు దారంతో కట్టి
ఆముదపు దీపం మసిలో ముంచి
గంగజాతరలో చెట్టు నీడ దొరికిన చోటల్లా
ఎవరెవరి చేతుల మీదో చుక్క పెట్టి, గీత లాగి,
నొప్పి మరిపించడానికి పాడేది.
ఏడుపు తెలుగులో,
పాట ఎరుకల బాసలో.

ఆ బాస అమ్మకు వచ్చు.
నాకు దాని అలికిడే తెలుసు,
పక్కింట్లో ఎవరో చేట చెరుగుతున్నట్టు.

కొర్లగుంటలో అద్దెకు దిగిన రోజు
అమ్మ దాన్ని చెప్పులతో పాటు గడప బయట విడిచింది.
తెల్లారి చూస్తే చెప్పులున్నాయి.
"ఇంట్లో ఏం మాట్లాడతారు?" అనడిగిన ఇంటామెకు
"మీరు మాట్లాడేదే" అంది అమ్మ.
ఆరు నెలలకి అది నిజమైపోయింది.

పోయే ముందు జేజి
అన్నీ మరిచి ఆ బాసొక్కటే మిగుల్చుకుంది.
నేను గ్లాసు చూపించేదాన్ని, దుప్పటి చూపించేదాన్ని,
చివరికి కిటికీ కూడా.
కాదని తల ఊపేది.
ఒకనాడు విసిగి
తన చెయ్యే నా ఒళ్ళో పడేసింది.
ముడతల్లో గీతలు జరిగిపోయి
తేలు కాస్తా తీగలా సాగింది.
లెక్కల నోటు వెనక బాల్‌పెన్నుతో దించుకున్నా.
ప్రతి చుక్కకీ ఒక పేరుంది.
ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది.
రాసుకోలేదు.
లిపి లేని మాటని ఏ అక్షరాల్లో పెట్టాలో తెలియక కాదు,
మర్నాడు ఇంటరు పరీక్ష.

ఇప్పుడు పిల్లరు అడుగున గొంతుక్కూర్చుని
ఎనామిల్ పచ్చతో
చుక్క, చుక్క, విల్లు వంపు, తేలు కొండి.
సిమెంటుకి నొప్పి లేదు.
రెండో పూత మాత్రం అడుగుతుంది.
అలిపిరి, అలిపిరి అని ఆటోల కేకలు.
గుండు మీద గంధం ఆరని పిల్లలు
నెమలిని చూసి పోతున్నారు.

పొద్దుగూకే వేళ ఒక ముసలామె
ఈతబుట్టలు దించి నిలబడింది.
నెమలి వైపు చూడలేదు.
వంగి, ఆరని రంగు మీద వేలు పెట్టి
కింది నుంచి పైకి
చదివింది.
ఒక చోట ఆగి, నా వైపు తిరిగి
ఏదో అడిగింది.

అదే అలికిడి.

"ఆఁ" అన్నాను.
ఆమె నమ్మలేదు.
బ్రష్షు నా చేతిలోంచి తీసుకుని
మూడో వరసలో నేను మరిచిన చుక్క పెట్టింది.
చెంగుకి వేలు తుడుచుకుని
"రవంత బుట్టలెత్తమ్మా" అంది,
తెలుగులో.