గండ్రగొడ్డలి

మొన్న ట్రాక్టరుకు ఎత్తించుకున్న సర్కారుతుమ్మ వేళ్లమొద్దులు
హోటలు వెనక గోడకు ఆనుకొని
పంచాయితీకొచ్చిన పెద్దమనుషుల మాదిరి కదలకుండా కూర్చున్నాయి.
కట్టెలు చీల్చే హుసేనప్పకు భుజం పడిపోయింది.
తెల్లారి నాలుగింటికి ఉగ్గానికి పొయ్యి రాజెయ్యాల.
పొయ్యికి భుజాల సంగతి తెలీదు.

ఇంట్లో ఉన్న గొడ్డలెత్తి నేనే ఒక దెబ్బ వేస్తి.
దిగబడింది.
ఇంక రాలే.
మొద్దు మీద కాలుపెట్టి, అమ్మను అబ్బను తలచుకొని లాగితే
కామ చేతికొచ్చింది,
గొడ్డలి మొద్దులోనే కాపురం పెట్టింది.

అట్ల పోయినా పత్తికొండ పాతపేట సందులో
కాళాచారి కొలిమి కాడికి.

"ఎవరికి?" అన్నాడు నిప్పుల్లోంచి చూపు తీయకుండా.
"నాకే."
గోడకు తగిలించిన సన్నదాన్ని తీసిచ్చినాడు.
బొట్టుబిళ్లంత తేలిక.
"ఇది మేకలకు కొమ్మ కొట్టుకునేదానికి" అంటి,
"నాకు మొద్దు పగలాల."

అప్పుడు తలెత్తినాడు మనిషి.

"నరికేది వేరు, చీల్చేది వేరమ్మా.
నరికేదానికి పెదవి పలచన.
చీల్చేదానికి బుగ్గలుండాల,
చెరుకుముక్క నోట్లో కుక్కుకున్న పిల్లోని బుగ్గలు.
పదును ఒక్కటే ఉంటే మొద్దు దాన్ని మింగుతాది.
బుగ్గ ఉంటే
మొద్దే నోరు తెరుస్తాది."

మూడు ముందర పెట్టినాడు.
ఒకటి లారీ కమాను పట్టాది.
ఒకటి రైలు పట్టా ముక్కది, యాడ దొరికిందో అడగొద్దన్నాడు.
ఇంకోటి బజార్లో రంగేసి అమ్మే పోతపని.
చిన్న సుత్తితో తట్టి చూపించినాడు.
రంగుది సొట్టపడిన సత్తుగిన్నె మాదిరి దబ్బుమనింది.
రైలుది మోగింది గానీ, ఎత్తితే నా నడుము నాది కాదు.
కమాను పట్టాది మాత్రం
పిల్లోళ్లు వెళ్లిపోయినంక కూడా బడిగంట సద్దు ఉన్నట్టు
కొంచేపు గాల్లో వేలాడింది.
కన్నులోంచి తొంగి చూసినా.
ఈ పక్క వెలుతురు ఆ పక్కకు నేరుగా పోయింది.

"మరి కామ?"
"నీదే తెచ్చుకో. నీ చేతులు నాకేం తెలుసు."

అటక మీద మాయత్త రోకలి ఉండాది.
చిరుమాను కర్ర.
మిక్సీ వచ్చినప్పటి నుంచి పడుకునే ఉండాది.
నడిమధ్య ఆమె పిడికిలి పట్టిన తావు
లోతుపడి, నున్నగా.
ఆమె పోయేనాటికి మా ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేండ్లు.
ఆ తావులో చెయ్యి పెట్టి చూస్తి.
సరిగ్గా సరిపోయింది.
ఎందుకో కోపమొచ్చింది.

బాడిశెతో చెక్కుతా అన్నాడు కాళాచారి:
"గుండ్రంగా ఉంటే చేతిలో తిరుగుతాది, కోడిగుడ్డు వాలు తెస్తా.
చంకలోంచి అరచేతి దాకా ఎంతుంటే అంత పొడుగు.
ఈ లోతు చెక్కెయ్యాల్నా?"
"ఉండనీ."

చీల కొట్టి, రోకలి పొన్నునే కోసి అడుగున ఎక్కించి,
శనగనూనె రుద్ది,
ఆర్నూట యాభై అన్నాడు.
"ఇప్పుడే వద్దు. రెండు దినాలు కొట్టిచూడు,
బొబ్బ రాకుంటే తెచ్చియ్యి."

మొదటి దెబ్బకు మొద్దు నన్ను చూసి నవ్వింది.
నడిమికి కొట్టినా కదా, తప్పు నాదే.
పగులు వెతికి అంచున వేస్తే గుటక మింగింది.
మూడోదానికి రెండుగా ఒరిగింది,
లోపల ఎర్రగా, తడిగా.
మూడేండ్లు వాన లేని చేన్లో
ఆ నీళ్లు యాడ దాచుకుందో.

ఆరు మొద్దులు అయినంక దుడ్లు తీసుకొని పోయినా.
చెయ్యి చాపినా.
చూపుడువేలి కింద ఒకటే బొబ్బ.
"ఇరవై తగ్గించు" అన్నా.

అద్దాలు పైకి తోసుకొని బొబ్బను చూసినాడు,
కామను చూసినాడు.
దుడ్లు లెక్కపెట్టకుండా డబ్బీలో వేసి
ఆకురాయి అందుకున్నాడు.