కాలి ఏళ్ళు

మా పొందూరులో
కాలికుండేవీ ఏళ్ళే, మనిషికి మీదపడేవీ ఏళ్ళే.
ఏ ఏళ్ళు కూర్మయ్యని పడగొట్టీసినాయో
నాను సెప్పలేను.

కాలవ దాటబోయి, అది మూరెడు కూడా లేదు,
పడిపోనాడు.
ఎముక ఇరగలేదు. మొకం ఇరిగిపోనాది.
మర్నాటి నుంచి గోడ పట్టుకోడం మొదలెట్టినాడు.
గోడ అయిపోయిన కాడ ఆగిపోతాడు,
పేక అయిపోయిన నాడె లాగ.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
కసరత్తులు సెప్పే గుంట, ఊరు టెక్కలంట,
నేల మీద ఎర్ర టేపు అంటించి
"ఇక్కణ్ణించి అక్కడికి నడు తాతా" అని
సెల్లులో సెకన్లు లెక్కెట్టింది.
బొటనేలు కింద అట్టముక్క పెట్టి
"నొక్కిపట్టు, నాను లాగుతాను" అంది.
లాగింది.
ఎన్నపూసలోంచి ఎంట్రుక లాగ వొచ్చీసింది.

"మోకాళ్ళు కాదు, నడుం కాదు.
పాదంలో బలం పోనాది."

దానికేటి తెలుసు!
యాభయ్యేళ్ళు గుంటమగ్గంలోకి దించిన కాళ్ళవి.
కుడికర్ర తొక్కితే సగం పడుగు లేచీది,
ఎడమది తొక్కితే మిగతా సగం.
కూకున్న కాడినించి కదలకుండా
కాశీకెళ్ళి వొచ్చినంత నడక.
అదే సెప్పినాను. గుంట నవ్వలేదు.
"అరికాలు తొక్కింది మామ్మా.
ఏళ్ళు ఏటి పట్టుకున్నాయి?"
జవాబు కోసం
బస్సులో సిలకపాలెం దాకా ఎతికినాను.

తువ్వాలు నేల మీద పరిచి
కాలేళ్ళతో దగ్గిరికి లాక్కోవాలంట,
పొద్దుట ఇరవై, సాయింత్రం ఇరవై.
ముసిలోడు అంచు ముట్టి సూసి
"మిల్లు గుడ్డ" అని మొకం తిప్పుకున్నాడు.
పెట్లోంచి తన సేతి కండువా తీస్తే
"నేసినోడు తొక్కుతాడేటే!" అని ఇల్లెగిరిపోయేలా అరిసినాడు.
మూడ్రోజులు
తువ్వాలు తువ్వాలు లాగే పడుంది.

నాలుగోనాడు
వాలుగ దవడతో దూది దువ్వుతూ దువ్వుతూ
రొంటినున్న పది రూపాయల నోటు తీసి
బొటనేలు కింద పెట్టినాను.
లాగీగలిగితే నాది. లేదంటే నీ టీ డబ్బులు.

మొదటి వారం నాకు డెబ్బై రూపాయలు.
రెండో వారమూ డెబ్బయ్యే.
మూడో వారంలో ఒకరోజు నోటు కాస్త బిగిసింది,
నాను గట్టిగా లాగీసినాను. జాలి పడితే
దొరికిపోతాను, నేతగాడికి
దారం బిగువు తెలవదా?

తువ్వాలు ఎప్పుడు మొదలెట్టినాడో తెలవదు.
తెల్లారి లేచి సూస్తే
మిల్లు గుడ్డ మంచం కింద ముడతలు పడి ఉండీది.
నాను అడగలేదు.

ఇయాల లాగినాను. రాలేదు.
ఇంకా లాగినాను.
పర్రుమంది.
సగం నా సేతిలో, సగం అతని ఏలు కింద.

"సిరిగిన నోటు టీకొట్టు సింహాచలం తీసుకోడు."
"అతికితే తీసుకోకేటి,
ఎన్ని పోగులు అతికినాను!"
లేచి గంజిగిన్ని కాడికి నడిసినాడు.
గోడ అయిపోనాది. అతగాడు ఆగలేదు.
తడి నోటు ఊదుకుంటూ
గుమ్మం కాడ ఎనక్కి తిరిగి
"నువ్వు రావద్దు" అన్నాడు.

నాను ఎళ్ళలేదు.
రాట్నం పక్కనించి కాలవ కనిపిస్తాది, అంతే.
గట్టు మీద నిలబడి
సెప్పులిప్పి సంకలో పెట్టినాడు.
కాలేళ్ళు ఒకపాలి ముడిసినాడు, సాపినాడు,
మళ్ళీ ముడిసినాడు,
మట్టిని దగ్గిరికి లాక్కుంటున్నట్టు.