నిండుకుండ

అంగట్లో "లేదు" అనే మాట పలకగూడదని
నా నాలుకకు నేర్పింది మా నాయన.
బెల్లం కావాలని ఓబుళమ్మ వస్తే
డబ్బా అడుగు గీకిన చేత్తోనే
"నిండుకుందమ్మా, రేప్పొద్దున రా" అనాల.
పాతూరులో మా పదడుగుల అంగడికి బోర్డు లేదు.
నాయన గొంతే బోర్డు.

కమలానగర్‌లో నిండుకుండ సూపర్ మార్కెట్ తెరిచిన ఎండాకాలం
అనంతపురమంతా ఆ చల్లగాలికి పోయింది.
కొనేదేమీ లేకున్నా
పసిబిడ్డల్ని బండిలో కూచోబెట్టుకోని తోసుకుంటా తిరిగినారు.
బుడ్డలు పండించే రైతొకాయన
కవర్లో మెరిసే పప్పును చూసి
తన పంటను తానే గుర్తుపట్టలేక
శానాసేపు నిలబడినాడు.

నాయన ఎవరికీ చెప్పకుండా పోయి
కిలో కందిపప్పు తెచ్చినాడు.
తలుపేసి, ఇత్తడి తక్కెడ దించి, కవరు చించి పోసినాడు.
కిలో రాయి పక్కన పది గ్రాముల బిళ్ల వేస్తే గాని
ముల్లు నిలబడలేదు.
ఒక పుచ్చు లేదు. ఒక మట్టిబెడ్డ లేదు.
వాళ్లు దొంగలైనా బాగుండు.
"తూకం మంచిదే పాపా" అన్నాడంతే.
ఆ రాత్రి సంగటిముద్ద తట్టలోనే ఆరిపోయింది.

రెండేండ్లకు మా తలుపులు మూసినాం.
నేనూ వాళ్లదగ్గరే కొన్నాను.
ఏం చేసేది, పప్పు మంచిది.

ఎప్పుడు జారడం మొదలైందో చెప్పలేను.
గుత్తిలో బ్రాంచి, తాడిపత్రిలో బ్రాంచి, కదిరిలో రెండు.
గోడమీద ఓనరు ఫోటో పెద్దదయ్యేకొద్దీ
ఆయన అంగట్లో కనపడేది తగ్గింది.
చిల్లరకు బదులు చాక్లెట్లు వచ్చినాయి.
ధర మీద ధర అంటించిన చీటీలు,
గోరుతో గీకితే కింద ఇంకో ఏడాది.

మొన్న పోయినాను.
ఏసీ లేదు, ఒక ఫ్యాను, అదీ కౌంటర్ దిక్కుకే.
బండికి ఒక చక్రం కుంటిది,
నేను పప్పుల దిక్కు తోస్తే అది ఫినాయిల్ దిక్కు లాగింది.
రాగిపిండి ప్యాకెట్ లోపల
బాడుగ కట్టినట్టు తీరిగ్గా నడుస్తాంది పురుగు.
బుడ్డల సీమలో బుడ్డలకు ముక్కవాసన!
ఖాళీ అరలు కనపడకుండా
ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకటే రకం ఉప్పు.
పదేండ్లుగా బిల్లు కొట్టే గౌసియా
"మూడు నెల్లనుంచి జీతం..." అని
ఎవరో వస్తే ఆపేసి, సంచి నా చేతికిచ్చింది.

కొర్రలున్నాయా అంటే
కొత్త పిల్లోడు ఫోన్లోంచి తలెత్తకుండా
"లేవు" అన్నాడు.
చెంప మీద కొట్టినట్టయింది.
అట్ల అనగూడదప్పా అని నోటిదాకా వచ్చి
గమ్మునైపోయినాను.

బయటికొస్తే చీకటి పడింది.
బోర్డులో చివరి అక్షరం మాడిపోయి
నిండుకుం
అని వెలుగుతాంది.
ఆటో ఎక్కినాక కూడా వెనక్కి తిరిగి చదివినాను.

ఇంట్లో అదే తక్కెడ దించినాను.
ఈసారి బిళ్లలు పప్పు దిక్కు పెట్టాల్సొచ్చింది,
ఒకటి యాభై, ఒకటి పది.
నాయన కండ్లకు పొరలు. చూపు వేళ్లలోనే.
గుప్పెడు తీసుకోని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
బొటనవేలితో పుచ్చులు తడిమినాడు.
"యాడ కొన్నావు?"
చెప్పినాను.
"అబద్ధం. ఆ అంగట్లో ఇట్లాంటిది అమ్మరు.
నన్ను తూకంలో గెల్చినోళ్లు వాళ్లు.
ఎవడో నిన్ను మోసం చేసినాడు."
ఆయన చెయ్యి వణికింది.
మా అంగడికి బీగం వేసిన రోజు కూడా
వణకని చెయ్యి.

"పారబొయ్యి దీన్ని.
రేపు నిండుకుండకే పోయి తీసుకురా.
ఇంట్లో పాతది రోంతన్నా ఉందా, నిండుకుందా?"

"నిండుకుంది నాయనా"
అన్నాను.