మూడో డ్రైయర్ పక్కన కుర్చీ

పన్ను పీకించుకుంటున్న అరగంటలో
పదకొండు ఫోన్లు.
నోరు తెరుచుకుని పడుకున్నదాన్ని,
కళ్లతోనే బతిమాలితే
డాక్టరే ఫోను తీసి నా చెవికి ఆనించాడు.
"ఎతేరీ, నీలం సంచులు ఏ హోటలువి?"

ఆ సాయంత్రమే రాసి
లాండ్రీ గేటుకి అంటించాను: మేనేజరు కావలెను.
తెల్లారేసరికి అక్షరాలు కారిపోయాయి.
బతూమిలో వాన అడిగి రాదు.
ఆరని ఊరు కాబట్టే
ఆరబెట్టేవాళ్లం బతుకుతున్నాం.
మళ్లీ రాసి, ప్లాస్టిక్ కప్పి అంటించాను.

మొదట లాషా వచ్చాడు
తిబిలిసి నుంచి, మెరిసే బూట్లతో.
తెర మీద రంగురంగుల వలయాలు చూపించాడు.
ఇరవై రెండేళ్ల నా చాకిరీ
కోసిపెట్టిన పుచ్చకాయలా ఉంది.
బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.
బాయిలరు గదికి తీసుకెళ్తే
గుమ్మంలోనే ఆగి కోటు చూసుకున్నాడు.

తర్వాత ఎవరో ఓడ స్టీవర్డు, పేరు మర్చిపోయాను.
అన్నిటికీ గంగిరెద్దులా తలూపాడు.
మా డ్రైవరు గివి పది దాటితే ఫోనెత్తడు, ఏం చేస్తావ్ అంటే
దానికీ ఊపాడు.

మూడో మనిషి గేటులోంచి రాలేదు.
చెప్పిన వేళకి ముప్పావుగంట ముందే
వెనక వైపు, లారీలు తిరిగే చోట
గొడుగు కింద నిలబడి ఏదో లెక్కపెడుతోంది.
ఏం లెక్కో చెప్పలేదు.
నార్గిజా. ఖులో కొండల మనిషి.
పద్నాలుగేళ్లు ఆసుపత్రి వంటగది నడిపిందట.
నా ప్రశ్నలు కాగితం మీదే ఉన్నాయి,
అడిగింది మాత్రం ఆవిడ:

"మూడో డ్రైయర్ పక్కన ఆ కుర్చీ ఎందుకు?"

అది మధ్యలో ఆగిపోతుంది, అన్నాను.
ఆగేముందు దగ్గుతుంది.
ఆ దగ్గు విని
ఎడమవైపు, కింద, ఒక్క తన్ను తన్నాలి.
"వినేదెవరు?"
నేను.
"రాత్రిళ్లు?"
నేనే.
"ఎన్నాళ్ల నుంచి?"
కుర్చీ వైపు చూశాను.
మెత్త రెండుసార్లు మార్పించాను దానికి.

"నేను అందులో కూర్చోను" అంది.
"డ్రైయర్ బాగుచేయిస్తాను.
అది మీకు కష్టమనిపిస్తే ఇప్పుడే చెప్పండి,
నాలుగున్నరకి నా బస్సు."

కోపం వచ్చింది. ఎందుకో తెలియలేదు.
కాదు, తెలుసు.
ఎక్కడ తన్నాలో తెలిసినదాన్ని నేను.
ఆ తెలియడమే కదా ఇన్నాళ్లూ ఈ కంపెనీ.

జీతం చెప్పింది.
నాకు నేను ఇచ్చుకునేదానికంటే ఎక్కువ.
ఆ మాటే అన్నాను.
"మీరు తక్కువ ఇచ్చుకుంటున్నారు" అంది,
లెక్క దిద్దిన పంతులమ్మలా.
తాళాలగుత్తి బల్ల మీద పెట్టి
ఏది దేనిదో చెప్పబోతుంటే
సంచిలోంచి రంగుదారాలు తీసింది.

సోమవారం అలవాటుగా ఐదింటికే మెలకువ.
ఆరు. ఏడు. ఎనిమిదిన్నర.
ఫోనులో చార్జింగు ఉందో లేదో చూశాను. ఉంది.
మోగుతుందో లేదో
పక్కింటి పిల్లాడి చేత కొట్టించి చూశాను. మోగింది.
ఇక చేసేదేమీ లేక సముద్రం దాకా నడిచి
హోటల్ కిటికీల్లో
నా దుప్పట్లు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టుకుని వచ్చాను.

పదకొండున్నరకి నార్గిజా.
గుండె లేచి నిలబడింది.
నీలం సంచులా, బాయిలరా, గివి మళ్లీ తాగొచ్చాడా,
అన్నిటికీ జవాబులు నాలుక చివరే ఉన్నాయి.

"పంచదార ఎక్కడ పెడతారు?" అంది.
"శోతా టీ అడుగుతున్నాడు."

సబ్బుపొడి అలమరలో, రెండో అరలో,
ఎర్రడబ్బా, దాని మీద ఉప్పు అని రాసుంటుంది,
అదే పంచదార,
మూత కాస్త బిగుసుగా ఉంటుంది, నొక్కి తిప్పాలి,
అంతా చెప్పాను, నెమ్మదిగా,
ఒక్కటీ వదలకుండా.

కుర్చీ సంగతి అడగలేదు.
ఆవిడా చెప్పలేదు.